పాఠ్యపథకంలో విద్యార్థి గడి

ఉపాధ్యాయ శిక్షణలో చేరినవారికి పాఠ్యపథకం పేరుతో ముందుగా అందేది ఒక పట్టిక. పైన తరగతి, సబ్జెక్టు, పాఠం పేరు, కాలవ్యవధి. కింద బోధనాంశాలు, ఉద్దేశాలు, స్పష్టీకరణలు, ఉపాధ్యాయుని కృత్యాలు, విద్యార్థుల కృత్యాలు, నల్లబల్ల పని, మూల్యాంకనం. కొద్ది రోజుల్లోనే ఛాత్రోపాధ్యాయులు ఆ గడులను పొందికగా నింపడం నేర్చుకుంటారు. ఆ పట్టికలో ‘విద్యార్థుల కృత్యాలు’ అన్న గడిని మాత్రం ఒకసారి విడిగా చదివి చూడండి. ‘విద్యార్థులు శ్రద్ధగా వింటారు’, ‘విద్యార్థులు సమాధానం చెబుతారు’, ‘విద్యార్థులు నోటు పుస్తకంలో రాసుకుంటారు’. ఏ తరగతిలో ఏ సబ్జెక్టులో ఏ పాఠానికైనా ఈ మూడు వాక్యాలూ అతికినట్టు సరిపోతాయి. అన్ని పాఠాలకూ సరిపోయే వాక్యం ఏ పాఠం గురించీ ఏమీ చెప్పదు.

కాబోయే ఉపాధ్యాయులకు అభ్యసన రూపకల్పనను పరిచయం చేయడం నా వృత్తి. ఆ పనిలో నేను పట్టుకుని వదలని మాట ఒక్కటే ఉంది. పాఠం జరుగుతున్న ప్రతి దశలోనూ విద్యార్థి మనసులో ఏమి జరగవచ్చునన్న అంచనాయే పాఠ్యపథకంలో అసలు రాయవలసిన విషయం. ఉపాధ్యాయుడు చేసే పనులన్నీ ఆ అంచనాను బట్టి తేలవలసినవే. ఆ ఒక్క గడిని నిజాయితీగా నింపగలిగినవారికి మిగతా గడులు పెద్ద కష్టం కావు. దాన్ని మొక్కుబడిగా నింపినవారు మిగతావన్నీ ఎంత అందంగా రాసినా, తరగతిలో మొదటి అనుకోని సమాధానం వినిపించగానే పథకాన్ని బల్ల మీద వదిలేయవలసి వస్తుంది.

విచిత్రమేమిటంటే, ఈ పట్టికకు మూలపురుషుడని చెప్పదగిన జర్మన్ తత్త్వవేత్త హెర్బార్ట్ (1776–1841) ఆలోచనంతా విద్యార్థి మనసు చుట్టూనే తిరిగింది. కొత్త భావన ఏదైనా అప్పటికే మనసులో ఉన్న భావనలతో ముడిపడితేనే నిలుస్తుందని ఆయన వాదించారు. ఆ ముడి ఎలా పడుతుందో చెప్పడానికి ఆయన సూచించిన దశలను తరువాతి కాలంలో జిల్లర్, రైన్ అనే జర్మన్ విద్యావేత్తలు తరగతి గదికి అనువుగా ఐదు సోపానాలుగా మలిచారు: సన్నాహం, సమర్పణ, సంసర్గం (కొత్తదాన్ని పాతదానితో ముడిపెట్టడం), సాధారణీకరణం, అన్వయం. శిక్షణ సంస్థలు పెరిగి, పర్యవేక్షకులకు తనిఖీ చేయడానికి వీలైన నమూనా ఒకటి అవసరమైన కొద్దీ, విద్యార్థి ఆలోచనకు గుర్తులుగా పుట్టిన ఈ సోపానాలు ఉపాధ్యాయుడి కదలికలకు గుర్తులుగా మారిపోయాయి. సన్నాహం పేరుతో వరుసగా నాలుగు ప్రశ్నలు అడగడం, చివరి ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేకపోగానే ‘ఈ రోజు మనం దాని గురించే తెలుసుకుందాం’ అని బోర్డు మీద శీర్షిక రాయడం శిక్షణ పొందినవారందరికీ పరిచితమైన తంతే. ఆ నాలుగు ప్రశ్నలకు పిల్లలు చెప్పిన సమాధానాల వల్ల తరువాతి బోధనలో ఒక్క అక్షరమైనా మారుతుందా అని అడిగితే, మారదు. మారనప్పుడు అడగడమెందుకు?

1949లో రాల్ఫ్ టైలర్ విద్యా ప్రణాళిక రచనకు నాలుగు మూల ప్రశ్నలు వేశారు. ఏ ప్రయోజనాలు సాధించాలి, వాటికి ఏ అభ్యసన అనుభవాలు తోడ్పడతాయి, ఆ అనుభవాలను ఎలా అమర్చాలి, ప్రయోజనాలు నెరవేరుతున్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి. ఈ నాలుగూ పరీక్షల్లో తరచుగా అడుగుతారు కాబట్టి అందరికీ కంఠస్థమే. అభ్యసన అనుభవమంటే ఏమిటో వివరిస్తూ ఆయన చెప్పిన మాట, అంటే విద్యార్థి తాను చేసే పని ద్వారానే నేర్చుకుంటాడు గాని ఉపాధ్యాయుడు చేసే పని ద్వారా కాదన్నది, అంతగా ప్రచారంలోకి రాలేదు. నా దృష్టిలో ఆ నాలుగు ప్రశ్నలకన్నా ఈ మాటే విలువైనది.

అందువల్ల నేను కొత్తగా వచ్చినవారికి మొదట్లో పట్టిక చేతికివ్వను. పిల్లలు రాసిన సమాధానాలు ఇస్తాను. పేర్లు తీసేసిన ఆ కాగితాల మీద ఒకటి రెండు ప్రశ్నలకు జవాబులు మాత్రమే ఉంటాయి. మార్కులు వేయవద్దని, ఒక్కొక్క జవాబు రాసిన విద్యార్థి ఏమి ఆలోచించి ఉంటాడో ఒక వాక్యంలో రాయమని చెబుతాను. మొదట చాలామంది ‘అశ్రద్ధ’, ‘పునాది లేదు’, ‘తొందరపాటు’ అని రాస్తారు. ఇవి తీర్పులే గాని వివరణలు కావు. వీటిని కొట్టేసి మళ్ళీ రాయమన్నప్పుడే అసలు పని మొదలవుతుంది.

ఇందుకు నేను ఎక్కువగా వాడేది దశాంశ భిన్నాలు. 0.8, 0.35 లలో ఏది పెద్దది? కొంతమంది పిల్లలు 0.35 పెద్దదంటారు. 8 కన్నా 35 పెద్దది కదా అన్నది వారి తర్కం. పూర్ణాంకాల్లో అంకెలు ఎక్కువున్న సంఖ్య ఎప్పుడూ పెద్దదే కాబట్టి, ఇన్నేళ్ళుగా తప్పక పనిచేసిన నియమాన్నే వారు ఇక్కడా వాడారు; అశ్రద్ధ అన్న మాటకు చోటే లేదు. ఇంతవరకు ఛాత్రోపాధ్యాయులు కాస్త ఆలోచిస్తే పట్టుకోగలరు. వారికి తట్టనిది రెండో రకం విద్యార్థి. ఆ అమ్మాయి 0.8 పెద్దదని సరిగ్గానే చెబుతుంది, కాని ఆమె కారణం వేరు: వందో వంతు పదో వంతు కన్నా చిన్నది, కాబట్టి వందో వంతుల దాకా వెళ్ళిన సంఖ్య ఏదైనా చిన్నదే. భిన్నాల పాఠంలో హారం పెరిగితే ముక్క చిన్నదవుతుందని నేర్చుకున్న దాన్ని ఆమె ఇక్కడికి మోసుకొచ్చింది. అదే అమ్మాయిని 0.3, 0.47 లలో ఏది పెద్దదని అడిగితే 0.3 అంటుంది. మొదటి రకం విద్యార్థి ఇక్కడ 0.47 అని సరైన జవాబే చెబుతాడు, తప్పుడు కారణంతో.

ఈ రెండు ప్రశ్నలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు గదిలో చిన్న కలకలం రేగుతుంది. ఒక్క ప్రశ్నే అడిగి ఉంటే, ఆ ప్రశ్న ఏదన్న దాన్ని బట్టి ఇద్దరిలో ఒకరు ‘అర్థమైనవారి’ జాబితాలో చేరిపోయేవారు. ఇప్పుడు మూడో జత: 0.6, 0.60. మొదటి రకం 0.60 అంటాడు, రెండో రకం 0.6 అంటుంది, భావన తెలిసినవారు రెండూ సమానమంటారు. ఈ మూడు జతలతో తరగతిలో ఎవరు ఏ ఆలోచనతో ఉన్నారో చాలావరకు విడదీయవచ్చు. ఇవి పుస్తకంలోని అభ్యాసాల నుంచి యాదృచ్ఛికంగా తీసుకున్న సంఖ్యలు కావనీ, ఒక్కొక్క తప్పుడు ఆలోచన ఒక్కొక్క చోట బయటపడేలా ఏరి కూర్చినవనీ గ్రహించడమే రూపకల్పన అనే పనికి తొలి పరిచయం. సంఖ్యలు ఎంచుకోవడం కూడా ప్రణాళికలో భాగమేనా అని ఒక విద్యార్థిని ఆశ్చర్యంగా అడిగింది. ప్రణాళికలో ప్రధాన భాగం అదేనని ఆమెకు చెప్పాను.

ఇక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. చాలా తరగతుల్లో దశాంశాల పోలికకు ఒక సులువైన చిట్కా నేర్పుతారు: కుడివైపు సున్నాలు చేర్చి అంకెల సంఖ్య సమానం చేయండి, తరువాత మామూలు సంఖ్యల్లా పోల్చండి. ఈ చిట్కా వచ్చిన విద్యార్థి పై మూడు జతలకూ సరైన జవాబులే చెబుతాడు. అతనికి భావన అందిందో లేదో తేల్చాలంటే నాలుగో ప్రశ్న కావాలి: 0.3 కన్నా పెద్దది, 0.4 కన్నా చిన్నది అయిన సంఖ్య ఏదైనా ఉందా? చిట్కాతో గట్టెక్కుతున్న పిల్లల్లో కొందరు ‘లేదు, 3 తరువాత 4 వస్తుంది’ అంటారు. ఈ నాలుగో ప్రశ్న ముందే మనసులో ఉన్న ఉపాధ్యాయుడు చిట్కాతో పాఠం మొదలుపెట్టడు. వంద గళ్ళ చతురస్రంలో 0.8ని ఎనిమిది నిలువు వరుసలుగా, 0.35ని మూడు వరుసలు, ఐదు గళ్ళుగా రంగు వేయించి 80 గళ్ళనూ 35 గళ్ళనూ కళ్ళెదుట పెడతాడు. తరువాత సున్నా నుంచి ఒకటి దాకా సంఖ్యారేఖ గీయించి, 0.3కూ 0.4కూ మధ్య ఉన్న జాగాను మళ్ళీ పది భాగాలు చేయిస్తాడు. చిట్కా చివరలో వస్తుంది, అప్పటికి దాన్ని పిల్లలే కనిపెట్టే అవకాశం కూడా ఉంది. కృత్యాలను ఎంపిక చేసింది ఉపాధ్యాయుడి ఇష్టాయిష్టాలు కావు, ఆ నాలుగు ప్రశ్నలే.

గమ్యం నుంచి వెనక్కి నడిచే ఈ పద్ధతికి 1998లో గ్రాంట్ విగిన్స్, జే మెక్‌టై ఒక స్పష్టమైన రూపమిచ్చారు. చివరికి విద్యార్థికి ఏమి అర్థం కావాలో ముందు తేల్చుకోవాలి. అర్థమైందనడానికి ఏ ఆధారం చూపిస్తే ఒప్పుకుంటామో తరువాత తేల్చుకోవాలి. బోధన ఎలా సాగాలన్నది మూడో మెట్టు. కాగితం మీద ఇది చాలా తేలికగా కనిపిస్తుంది. ఆచరణలో ఛాత్రోపాధ్యాయులు మూడో మెట్టు దగ్గరే మొదలుపెడతారు, ఎందుకంటే చార్టులు, నమూనాలు, పాత్రాభినయాలు, వీడియోలు ఆలోచించడం సరదాగా ఉంటుంది. మూల్యాంకనం గడిలో చివరి నిమిషంలో నాలుగు ప్రశ్నలు చేరతాయి.

కిరణజన్య సంయోగక్రియ పాఠాన్ని తీసుకోండి. పెద్ద ఆకు నమూనా, బాణాలతో చార్టు, సమీకరణం, చివర ‘కిరణజన్య సంయోగక్రియ అనగానేమి?’ అన్న ప్రశ్న. పిల్లలు నిర్వచనం ఒప్పజెబుతారు, సమీకరణం తప్పు లేకుండా రాస్తారు, పాఠం బాగా జరిగిందని అందరూ అనుకుంటారు. అదే పిల్లలను ఒక పెద్ద చెట్టు మానులో ఉన్న పదార్థమంతా ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి. మట్టి నుంచి, వేర్ల ద్వారా అన్న సమాధానం తరచుగా వస్తుంది. సమీకరణంలో కార్బన్ డయాక్సైడ్ ఉంది, దాన్ని వారే స్వయంగా రాశారు, కాని గాలి లాంటి బరువు లేనట్టు తోచే వస్తువు నుంచి కలప తయారవుతుందని వారి మనసు ఒప్పుకోలేదు. సమీకరణం ఒక అరలో, చెట్టు గురించిన నమ్మకం మరో అరలో ఉండిపోయాయి.

‘చెట్టు పొడి పదార్థంలో అధికభాగం గాలి నుంచి ఎలా వచ్చిందో వివరించగలగాలి’ అని గమ్యాన్ని ముందుగా రాసుకుంటే పాఠం పూర్తిగా మారిపోతుంది. అప్పుడు పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ ప్రయోగం అక్కరకు వస్తుంది. 200 పౌండ్ల పొడి మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్ళ పాటు నీళ్ళు మాత్రమే పోసి చూస్తే, చెట్టు సుమారు 169 పౌండ్లకు పెరిగింది. మట్టి తగ్గింది రెండు ఔన్సులు. ఆయన మరణానంతరం 1648లో ఇది ప్రచురితమైంది. ఈ అంకెలు బోర్డు మీద రాసి, మిగతా బరువు ఎక్కడి నుంచి వచ్చిందో మీరే చెప్పండి అంటే మట్టి సిద్ధాంతం అక్కడికక్కడే కూలుతుంది. పిల్లలు నీరు అంటారు. వాన్ హెల్మాంట్ కూడా నీరనే తేల్చారు. ఒక గొప్ప ప్రయోగకర్త తన ప్రయోగం నుంచే అసంపూర్ణమైన నిర్ణయానికి వచ్చాడన్న సంగతి పాఠానికి అడ్డంకి కాదు, అదే పాఠాన్ని ముందుకు నడుపుతుంది. పాఠం ముగిశాక ఆధారం కోసం అడగవలసిన ప్రశ్న కూడా కొత్తదై ఉండాలి: తడి దూది మీద గింజలు పూర్తి చీకట్లో మొలకెత్తి కొన్నాళ్ళు పెరిగాయి, నీరంతా ఆరబెట్టి తూచితే బరువు మొదటి గింజలకన్నా పెరుగుతుందా, తగ్గుతుందా? మొలక పొడవుగా సాగినా పొడి బరువు తగ్గుతుందని, శ్వాసక్రియలో నిల్వ పదార్థం ఖర్చయిందే తప్ప వెలుతురు లేక కొత్తది తయారు కాలేదని కారణంతో సహా చెప్పగలిగినవారికి భావన అందినట్టే.

ఉద్దేశాలు రాయడంలో ఉన్న ఒక దురలవాటు గురించి చెప్పక తప్పదు. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం జ్ఞానాత్మక రంగాన్ని, అంటే ఆలోచనకు సంబంధించిన ఉద్దేశాలను, జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం అని ఆరు స్థాయిలుగా వర్గీకరించింది. 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ నాయకత్వంలో దాన్ని సవరించి క్రియారూపాల్లోకి మార్చారు, సృజనను అన్నిటికన్నా పైన పెట్టారు. ఆ వర్గీకరణ ఉపయోగకరమైనదే. కాని దాని వెంట క్రియాపదాల జాబితాలు పుట్టుకొచ్చి, ఛాత్రోపాధ్యాయులు వాటిలోంచి ఒక పదం ఏరి వాక్యం చివర తగిలించడమే ఉద్దేశం రాయడమనుకుంటున్నారు. ‘విద్యార్థి యుద్ధ కారణాలను విశ్లేషిస్తాడు’ అని రాసి, తరగతిలో ఐదు కారణాలను విశ్లేషణతో సహా తామే చెప్పి, పరీక్షలో ఆ ఐదింటినీ అడిగితే విద్యార్థి చేసింది జ్ఞాపకం చేసుకోవడమే. ప్రశ్న ఏ స్థాయికి చెందుతుందో క్రియాపదం ఒక్కటే చెప్పలేదు. అంతకు ముందు తరగతిలో ఏమి జరిగిందో తెలిస్తేనే ఆ సంగతి తేలుతుంది. అందుకే ఉద్దేశాన్ని విడిగా దిద్దడం మానేశాను. ఉద్దేశం, దానికి ఆధారమయ్యే ప్రశ్న, ఆ ప్రశ్నకు మూడు రకాల విద్యార్థులు రాయగల జవాబులు, ఈ మూడూ ఒకే పుటలో ఉంటే తప్ప చదవను.

ఇక పీరియడ్ లోపలి సంగతులు. కాలవ్యవధి గడిలో అందరూ ఉపోద్ఘాతానికి ఐదు నిమిషాలు, చర్చకు పది, పునశ్చరణకు ఐదు అని రాస్తారు. ఆ ఐదు పదిహేనవుతుంది, చివరి ఐదు మాయమవుతుంది. పాఠం పొడుగునా పోగుచేయవలసిన ఆధారమంతా చివరి ఐదు నిమిషాల్లోనే పెట్టుకున్నందువల్ల గంట కొట్టేసరికి ఉపాధ్యాయుడి చేతిలో ఏమీ మిగలదు. ఆలస్యమైతే ఏది వదిలేయాలో, ఏది ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదో పథకంలోనే గుర్తు పెట్టుకోమంటాను. మొదట్లో వారు వదిలేయడానికి గుర్తించేది చాలాసార్లు పిల్లలు మాట్లాడే భాగమే. దాని మీద పెద్ద వాదన జరుగుతుంది, జరగాలి కూడా.

ప్రశ్న అడిగాక ఆగడం గురించి మేరీ బడ్ రో 1970లలో ప్రచురించిన పరిశీలనలు ఇప్పటికీ కొత్తగానే అనిపిస్తాయి. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబుల నిడివి పెరుగుతుందని, మౌనంగా ఉండేవారు కూడా నోరు విప్పుతారని ఆమె చూపించారు. ఇది చెబితే అందరూ తలూపుతారు, తరగతిలో ఎవరూ ఆగరు. మూడు సెకన్ల నిశ్శబ్దం కొత్తవారికి చాలా పొడుగ్గా తోస్తుంది. పథకంలో ఆ ప్రశ్న పక్కనే ‘అందరూ కాగితం మీద రాశాకే ఒకరిని అడగాలి’ అని రాసుకుంటే నిశ్శబ్దానికి ఒక పని దొరుకుతుంది, సంకల్పబలం మీద ఆధారపడనక్కరలేదు. ప్రణాళిక అంటే ఇలాంటి చిన్న ఏర్పాట్లే.

తోడ్పాటు ఎంత ఇవ్వాలన్నది మరో చిక్కు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు చెక్క దిమ్మెలతో పిరమిడ్ కట్టే పనిలో పెద్దవారు ఎలా సాయపడతారో పరిశీలించి, పిల్లవాడి చేతకాని భాగాన్ని మాత్రమే పెద్దవారు భరించే ఆ సాయాన్ని భవన నిర్మాణంలో కట్టే పరంజాతో పోల్చారు. పథకాల్లో సాయం ఎలా అందించాలో రాస్తారు గాని ఎప్పుడు తీసేయాలో రాయరు. గణితంలో దీన్ని స్పష్టంగా చూపించవచ్చు: మొదటి లెక్క పూర్తిగా సాధించి ఇవ్వాలి, రెండో లెక్కలో చివరి సోపానం ఖాళీగా వదలాలి, మూడో దానిలో చివరి రెండూ, నాలుగోది పూర్తిగా వారిదే. కొత్త విషయం నేర్చుకునేవారికి సాధించిన ఉదాహరణలను అధ్యయనం చేయడం నేరుగా లెక్కల మీద పడడం కన్నా మేలు చేస్తుందని జాన్ స్వెల్లర్, ఆయన సహచరులు 1980ల నుంచి చేసిన ప్రయోగాలు చూపాయి. విషయం పట్టుబడ్డాక అవే ఉదాహరణలు విద్యార్థికి అనవసరపు భారమవుతాయి కూడా. కాబట్టి మొదటి రోజుకు మంచిదైన పథకం పదో రోజుకు మంచిది కాకపోవచ్చు.

పదో రోజు అన్నాను కాబట్టి యూనిట్ పథకం, అంటే ఒక అంశం మీది పీరియడ్లన్నిటికీ కలిపి వేసే పథకం, గురించి రెండు మాటలు. ఒక పీరియడ్‌ను ఎంత చక్కగా మలిచినా, ఆ విషయం మళ్ళీ ఎప్పుడు తిరిగి వస్తుందో నిర్ణయించకపోతే చాలావరకు వృథాయే. మరపు తొలి గంటల్లో, రోజుల్లో వేగంగా సాగుతుందని ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే చేసుకున్న ప్రయోగాలతో చూపించారు. చదివిన దాన్ని మళ్ళీ చదవడం కన్నా, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేయడం దీర్ఘకాలంలో ఎక్కువ నిలుస్తుందని రోడిగర్, కార్పికే 2006లో నిర్ధారించారు. అందుకని నా విద్యార్థుల యూనిట్ పథకంలో ప్రతి పీరియడ్ మొదట్లో మూడు ప్రశ్నలుంటాయి: ఒకటి నిన్నటిది, ఒకటి గతవారానిది, ఒకటి గత యూనిట్‌ది.

ఈ పనులన్నిటికీ సాధన ఎక్కడ చేయాలి? 1960లలో స్టాన్‌ఫోర్డ్‌లో డ్వైట్ ఆలెన్ బృందం రూపొందించిన సూక్ష్మబోధన ఇప్పటికీ శిక్షణలో ప్రధాన సాధనం. కొద్దిమంది ముందు, కొద్ది నిమిషాలు, ఒకే నైపుణ్యం మీద దృష్టి పెట్టడం దాని బలం. తోటి ఛాత్రోపాధ్యాయులే విద్యార్థులుగా కూర్చునే చోట దాని లోపం బయటపడుతుంది: వారికి జవాబులన్నీ తెలుసు, స్నేహితుడిని ఇబ్బంది పెట్టడం వారికి ఇష్టం ఉండదు, కాబట్టి తప్పుడు జవాబు ఒక్కటీ రాదు. దీనికి నేను చేసిన ఏర్పాటు చిన్నదే. కూర్చున్నవారిలో కొందరికి చీటీలిస్తాను. ఒకరి చీటీలో ‘అంకెలు ఎక్కువున్న దశాంశమే పెద్దదని నీ నమ్మకం, నిజంగా ఒప్పించే కారణం వినిపించేదాకా మారవద్దు’ అని ఉంటుంది. మరొకరి చీటీలో ‘నీకు అర్థం కాలేదు, కాని అర్థమైందా అని అడిగితే తలూపు’ అని ఉంటుంది. రెండో చీటీ వల్ల జరిగే మేలు ఇంతా అంతా కాదు. ‘అందరికీ అర్థమైందా?’ అన్న ప్రశ్న ఎంత పనికిరానిదో ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఎక్కని విషయం, పాఠం ముగిశాక ఆ చీటీ చదివి వినిపించగానే అర్థమవుతుంది.

జపాన్ ఉపాధ్యాయుల పాఠ అధ్యయన సంప్రదాయం నుంచి మేము తెచ్చుకున్నవి రెండు. అక్కడ ఒక పాఠాన్ని కొందరు ఉపాధ్యాయులు కలిసి రూపొందిస్తారు, ఒకరు బోధిస్తారు, మిగతావారు పరిశీలిస్తారు, తరువాత కలిసి చర్చిస్తారు. వారి పథకంలో విద్యార్థుల నుంచి ఊహించిన స్పందనలకు ప్రత్యేకంగా చోటుంటుంది; మా పట్టికలో ‘విద్యార్థుల కృత్యాలు’ గడిని ఆ విధంగా మార్చుకున్నాం. పరిశీలకుల కళ్ళు ఉపాధ్యాయుడి మీద కాక పిల్లల మీద ఉండడం రెండోది. బోధనాభ్యాస సమయంలో వెనుక బెంచీలో కూర్చున్నవారు సాధారణంగా స్వరం, నల్లబల్ల రాత, తరగతి క్రమశిక్షణ గురించి రాస్తారు. ఇప్పుడు ఒక్కొక్కరు ఇద్దరు పిల్లలను మాత్రమే ఎంచుకుని, పీరియడ్ అంతా వారు ఏమి రాశారు, ఏమి కొట్టేశారు, ఎక్కడ ఆగిపోయారు అన్నది నమోదు చేస్తారు. చర్చలో ‘నీ స్వరం బాగుంది’ అన్న మాటకు బదులు ‘రెండో వరుసలోని అబ్బాయి సంఖ్యారేఖ మీద 0.35ని 0.8కి కుడివైపు పెట్టి, పక్కవాడిది చూసి చెరిపేశాడు’ అన్న మాట వినిపిస్తుంది. బోధించిన వ్యక్తికి ఈ రెండో మాట నొప్పి కలిగించదు, పని కల్పిస్తుంది.

ఇంత వివరంగా రాసుకుంటే తరగతిలో స్వేచ్ఛ పోదా అన్న ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. పక్కనే ఉదాహరణ కూడా చూపిస్తారు: ఫలానా సీనియర్ ఉపాధ్యాయుడు ఒక్క కాగితం కూడా లేకుండా తరగతికి వెళ్ళి అద్భుతంగా బోధిస్తాడు. నిజమే. అయితే ఆయన దగ్గర పథకం లేదనుకోవడం పొరపాటు. ఏ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారో, ఏ ఉదాహరణ పనిచేస్తుందో, ఏ ప్రశ్నకు ఏ నాలుగు జవాబులు వస్తాయో ఆయనకు ఏళ్ళ తరబడి తరగతుల్లో పోగుపడింది. 1986లో లీ షుల్మన్ విషయ పరిజ్ఞానానికీ సాధారణ బోధనా పద్ధతులకూ భిన్నంగా ఉపాధ్యాయులకే ప్రత్యేకమైన ఒక జ్ఞానం ఉందని ప్రతిపాదించినప్పుడు చెప్పింది దీని గురించే. ఆ సీనియర్‌ను కాగితం లేకుండా చూసి కాగితం అక్కరలేదని తేల్చేయకుండా, పాఠం అయ్యాక ఆయన దగ్గర కూర్చుని ‘ఆ అమ్మాయి అలా అన్నప్పుడు మీరు వెంటనే ఆ బొమ్మ ఎందుకు గీశారు?’ అని అడిగి రాసుకురమ్మని పంపిస్తాను. రాసుకొచ్చిన దాన్ని చూస్తే ఏ రికార్డు పుస్తకంలోనూ లేనంత వివరమైన పథకం ఆయన మనసులో ఉన్నట్టు తెలుస్తుంది. స్వేచ్ఛ సంగతికి వస్తే, నాలుగు రకాల జవాబులకు ముందే సిద్ధపడినవారే ఐదో జవాబు వచ్చినప్పుడు నిలబడి వినగలుగుతున్నారు; దేనికీ సిద్ధపడనివారు ఐదో జవాబును ‘ఇంకెవరు చెబుతారు?’ అని దాటేస్తున్నారు.

చివరిగా, మార్కుల సంగతి. శిక్షణలో మార్కులు దేనికి వేస్తామో అదే నేర్చుకుంటారు, కాబట్టి పొందికైన పట్టికకు మార్కులు వేస్తూ ఆలోచనను ఆశించడం అన్యాయం. నేను ఒక్కొక్క పాఠానికి రెండు పథకాలు తీసుకుంటాను: బోధించక ముందు రాసినది, బోధించాక పిల్లల కాగితాలు చూసి తిరగరాసినది. రెండో దాని మార్జిన్‌లో ఏ మార్పు ఏ విద్యార్థి జవాబు వల్ల వచ్చిందో రాయాలి. మొదటి పథకం బలహీనంగా ఉన్నందుకు మార్కులు తగ్గించను. రెండో పథకం మొదటి దానికి నకలుగా ఉండి, కింద ‘పాఠం విజయవంతంగా పూర్తయినది’ అని మాత్రమే ఉంటే, కాగితాల కట్ట తెచ్చి నా ఎదుట కూర్చోమంటాను, ఇద్దరం కలిసి మొదటి కాగితం నుంచి చదవడం మొదలుపెడతాం.